తొమ్మిదో మెట్టు

మచిలీపట్నం
జూన్ 11

ఒసే షీబా,

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ వదిలేసి కాగితం మీద రాయడానికి కారణం ఉంది. వారం నుంచి నా ఫోన్ ఎక్కువసేపు రవి చేతిలోనే ఉంటోంది. భార్యని ఏమీ అడగడు, ఊరికే తీసి చూస్తాడు. అయినా చాట్‌లో రాసింది ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఎవరికైనా పంపొచ్చు. నాలుగేళ్లుగా స్క్రీన్‌షాట్లతోనే పాఠాలు చేస్తున్న మనకి ఆ సంగతి ఒకరు చెప్పాలా?

జరిగింది ఇది. కిందటి మంగళవారం మా మావయ్యగారు ఒక పెళ్లికని అవనిగడ్డ వెళ్లారు. అక్కడ బజారులో బట్టల షాపు బయట వేలాడుతున్న దుప్పటి చూసి ఆగిపోయారట. దాని మీద ఉన్నది చిలకతీగ. వాళ్ల నాన్నగారు స్వయంగా చెక్కిన చెక్క అచ్చు అది. పెడనలో మా అద్దకం షెడ్డులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ దుప్పటి చేత్తో అద్దింది కాదు, స్క్రీన్ ప్రింటింగ్‌లో కొట్టేసింది. ఆయన దాన్ని కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. ఇంటికొచ్చి రవితో ఒకే మాట అన్నారు: "మనింట్లోంచే పోయిందిరా."

మర్నాడు సుబ్బారావుని పన్లోంచి తీసేశారు. ఇరవై రెండేళ్లుగా ఆ అచ్చు పట్టి అద్దకం వేస్తున్న మనిషి. అతని బావమరిది ఎక్కడో స్క్రీన్ ప్రింటింగ్‌లో పనిచేస్తాడు కాబట్టి, అచ్చు వేసిన గుడ్డముక్క ఇతనే ఇచ్చుంటాడని.  సుబ్బారావు చేతులకున్న రంగు కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత దుప్పటిని నేను దగ్గరగా చూశాను. షీబా, అందులో అతుకు ఉంది.

మన కంప్యూటర్ పాఠాల సైటు "మెట్టు మెట్టుగా"లో డిజైను పాఠం పెట్టడానికి చిలకతీగని నేను రెండు ముక్కలుగా స్కాన్ చేశాను కదా. మావయ్యగార్ని నెల రోజులు బతిమాలితే ఒప్పుకున్నారు. కంప్యూటర్లో ఆ రెండు ముక్కల్ని కలిపినప్పుడు కింది చిలక తోకలో రెండు ఈకలు ఎగిరిపోయాయి. చెక్క అచ్చులో అయిదూ ఉన్నాయి. అలాంటి అతుకుని ఎలా సరిచేయాలో పాఠంలో తొమ్మిదో మెట్టుగా చూపించాం. అవనిగడ్డ దుప్పటిలో చిలకకి మూడే ఈకలు. అంటే దాన్ని అచ్చు నుంచి తియ్యలేదు, సరిచెయ్యని నా ఫైలు నుంచి తీశారు. సైట్లో కనిపించే చిన్న బొమ్మలతో దుప్పటి కొట్టలేరు. పెద్ద ఫైలు ఉన్నది మన ఫోల్డరులో. అది నాకూ నీకూ తప్ప ఎవరికీ తెలియదు.

నిన్ను ఏమీ అనడం లేదు. ఆలోచించమంటున్నాను. నీ లాప్‌టాప్ ఎక్కడైనా రిపేరుకి ఇచ్చావా? మీ ప్రభాకర్‌గారు సరదాకి ఎవరికైనా చూపించారా? నేను పంపిన స్క్రీన్‌షాట్ల మీద బాణాలూ సున్నాలూ పెట్టేటప్పుడు పక్కన ఎవరైనా కూర్చున్నారా?

రవి షెడ్డుకి వెళ్లాకే పోస్టు వస్తుంది. కాగితం మీదే రాయి.

నీ జ్యోతి

&nbsp;

గుడివాడ
జూన్ 19

జ్యోతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మావయ్యగారి ముఖం కళ్లముందు కనిపించింది. రెండోసారి సుబ్బారావు. మూడోసారి మాత్రం "నిన్ను ఏమీ అనడం లేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఏమీ అననప్పుడు ఆ మాట రాయాల్సిన అవసరం రాదు కదే.

లాప్‌టాప్ రిపేరుకి ఇవ్వలేదు. ప్రభాకర్‌కి చిలకకీ నెమలికీ తేడా తెలియదు. నా పక్కన ఎవరూ కూర్చోరు, కూర్చునేంత స్థలమూ లేదు. ఆ ఫైలు నేను ఎవరికీ ఇవ్వలేదు. ఈ మాట ఇంకోసారి రాయించకు.

ఒకటి అడుగుతాను. ఆ ఫోల్డరు మొదట్లో ఎవరెవరికి తెరుచుకునేలా పెట్టావో గుర్తు చేసుకో. తీరిగ్గానే చేసుకో.

ఇంకొకటి. అతుకు సంగతి మావయ్యగారికి చెప్పావా? చెప్పి ఉంటే సుబ్బారావు ఈపాటికి పనిలో ఉండేవాడు. చెప్పలేదేమో అనిపిస్తోంది.

డిజైను పాఠాన్ని కొన్నాళ్లు సైట్లోంచి తీసేద్దామా? గొడవ సద్దుమణిగాక మళ్లీ పెట్టుకోవచ్చు. నువ్వు సరేనంటే ఇవాళే తీసేస్తాను.

షీబా

&nbsp;

మచిలీపట్నం
జులై 2

షీబాకి,

నీ ఉత్తరం పైన గుడివాడ అని ఉంది. కవరు మీద పోస్టాఫీసు ముద్ర మాత్రం నాగాయలంకది. అవనిగడ్డ నుంచి నాగాయలంక ఎంత దూరమో నాకు తెలుసు. దుప్పటి దొరికిన చోటుకి పక్కనే ఉండి, గుడివాడలో ఉన్నట్టు రాయాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఫోల్డరు తెరిచి చూశాను. నీ పేరూ నా పేరూ తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. మాట మార్చకు.

పాఠం తీసేద్దామని నువ్వు అన్నాక దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూశాను. నాలుగేళ్లలో నువ్వు వేసిన బాణాలన్నీ ఎర్రవి. తొమ్మిదో మెట్టులో మాత్రం ఆకుపచ్చ బాణం ఉంది. మిగతా బొమ్మల్లో నా తెర మొత్తం కనిపిస్తుంది, అందులో సగమే ఉంది. అనుమానం వచ్చి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే సైటు లోపలి లెక్కలు తీశాను. పాఠం పెట్టింది ఏప్రిల్ 8న. తొమ్మిదో బొమ్మ మార్చింది ఏప్రిల్ 27న. మార్చింది నువ్వు. పాత బొమ్మని పూర్తిగా చెరిపేశావు. అదే రోజు ఆ పాఠం కింద వచ్చిన ఒక కామెంటు కూడా తీసేశావు.

ఒక్క అక్షరం దిద్దినా ఫోన్ చేసి చెప్పేదానివి. బొమ్మ మొత్తం మార్చి నాకు చెప్పలేదు. నేను తీసిన స్క్రీన్‌షాట్లని నీకు పంపగానే నా దగ్గర చెరిపేస్తానని నీకు తెలుసు. అంటే ఆ పాత బొమ్మలో ఏముందో నీకు తప్ప ఎవరికీ తెలియకూడదనేగా?

రవికి ఈ తేదీలు చూపించాను. "నాలుగేళ్ల స్నేహం కదా, అడిగి చూడు" అన్నాడు. అడుగుతున్నాను. ఆ బొమ్మలో ఏముంది? ఆ కామెంటులో ఏముంది?

జ్యోతిర్మయి

&nbsp;

నాగాయలంక
జులై 10

జ్యోతికి,

అవును, నాగాయలంకలోనే ఉన్నాం. ప్రభాకర్‌కి ఇక్కడ రొయ్యల మేత అమ్మే డీలరు దగ్గర పని దొరికింది. నీ మొదటి ఉత్తరం గుడివాడలో అందింది, ఆ వారాంతంలోనే సామాన్లు లారీకి ఎక్కించాం. రెండో ఉత్తరాన్ని అక్కడి పోస్టుమాన్ ఇక్కడికి మళ్లించాడు, ఇక్కడి అడ్రసు కవరు వెనక రాశాను. అవనిగడ్డలో దుప్పటి దొరికిందని నువ్వు రాసిన వారంలో ఆ దివిసీమకే మారుతున్నానని రాస్తే ఏమనుకుంటావోనని గుడివాడ అని రాశాను. తప్పే. పిరికితనం. నువ్వు ఏమనుకుంటావని భయపడ్డానో సరిగ్గా అదే అనుకున్నావు కాబట్టి భయంలో అర్థం లేదని కూడా అనలేను.

తొమ్మిదో బొమ్మ మార్చింది నేనే. కామెంటు తీసింది నేనే. ఎందుకో ఇప్పుడు చెప్పను. చెబితే నువ్వు నమ్మవు. నమ్మితే అంతకంటే ఇబ్బంది.

నా ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదు. సుబ్బారావు ఏమయ్యాడు? దొంగ అచ్చు దగ్గరికి రాలేదని, ఫైలు దగ్గరికి వచ్చాడని నీకు నెల రోజుల నుంచి తెలుసు. మూడు ఈకలు చూపిస్తే చాలు, ఆ మనిషి మీదున్న మచ్చ పోతుంది. కానీ చూపిస్తే, "ఆ ఫైలు ఎవరిది?" అని మావయ్యగారు అడుగుతారు. అందుకని ఊరుకున్నావు. నేను ఒక బొమ్మ దాచాను. నువ్వు ఒక మనిషి నిర్దోషి అన్న సంగతి దాచావు. ఎవరిది పెద్దదో నువ్వే చెప్పు.

ఇక్కడ రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే మరలు పగలంతా తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడులో రాస్తున్నాను. మాట కటువుగా ఉంటే దాని వల్ల అనుకోవద్దు. కావాలనే రాశాను.

షీబా

&nbsp;

మచిలీపట్నం
జులై 24

శ్రీమతి షీబా గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు కోరినట్టే చేశాను. మావయ్యగారికి దుప్పటి పరిచి మూడు ఈకలు చూపించాను. దొంగతనం ఫైలు నుంచి జరిగిందని, ఆ ఫైలు మీ దగ్గర ఉందని, మీరు బొమ్మలు మార్చి ఆధారాలు చెరిపేశారని చెప్పాను. ఆయన దుప్పటి మడతపెట్టారు. తర్వాత "ఆ అమ్మాయి అడ్రసు కాగితం మీద రాసివ్వు" అన్నారు. రాసిచ్చాను. సుబ్బారావు సంగతి మిమ్మల్ని చూసి వచ్చాక చూద్దామన్నారు.

సైటుని నడిపే అసలు పాస్‌వర్డు మీ దగ్గరే ఉంది, ఈ నెలాఖరులోగా నాకు పంపండి. ఫోల్డరులో మీ పేరు తీసేశాను.

ఇకమీదట సైటు పనికి సంబంధించినవి తప్ప వేరే ఉత్తరాలు వద్దు.

జె. జ్యోతిర్మయి

&nbsp;

నాగాయలంక
ఆగస్టు 6

జ్యోతీ,

పాస్‌వర్డు వెనక పేజీలో రాశాను. వేరే ఉత్తరాలు వద్దన్నావు కానీ ఇదొక్కటి చదువు. చదివాక కవరులో ఉన్న రెండో కాగితం తియ్యి. ముందు తియ్యకు.

నిన్న పదకొండు గంటలకి మావయ్యగారు వచ్చారు. బస్‌స్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చారు. చేతిలో దుప్పటి ఉన్న సంచి. మంచినీళ్లిస్తే సగం తాగి పక్కన పెట్టారు. కుర్చీ చివరే కూర్చున్నారు.

"అమ్మాయ్, నువ్వు అమ్మావా?" అన్నారు.

"లేదండీ."

"మరి ఎవరు?"

నేనేమీ అనలేదు. ఆయన కూడా మళ్లీ అడగలేదు. "ఆ పాఠమేదో చూపించు. మా కోడలు రాస్తుందని వినడమే గానీ నేనెప్పుడూ చూళ్లేదు" అన్నారు. లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకుని మొదటి మెట్టు నుంచి గొంతెత్తి చదివారు, బళ్లో పిల్లాడిలాగా. ఎక్కడైనా అర్థం కాకపోతే బొమ్మ మీద వేలు పెట్టి అడిగారు. తొమ్మిదో మెట్టు దగ్గర ఆగారు.

"ఈ బొమ్మ తీసింది మా కోడలేనా?"

"ఆవిడేనండీ."

"ఈ బాణాలూ అవీ?"

"నేనండీ."

"అంటే మీరిద్దరూ చూశాకే బయటికెళ్తుందన్నమాట" అన్నారు.

నేను లాప్‌టాప్ మూసేశాను. ఆయన లేచారు. భోజనం చేసి వెళ్లమన్నాను. "ఇంకో రోజు వస్తాలేమ్మా" అన్నారు. సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు రెండో కాగితం తియ్యి. అది మొదట పెట్టిన తొమ్మిదో బొమ్మ. సైట్లోంచి చెరిపేశాను గానీ నా దగ్గర ఉంచుకున్నాను. అవనిగడ్డలో రంగుల ప్రింటు తీయించాను. కుడిపక్క పై మూల చూడు. నీ తెర మీద పసుపు చీటీ. అందులో "షీబాకి పంపాలి" అని రాసుకుని, కింద ఫోల్డరు లింకు పెట్టుకున్నావు. గుర్తుండాలని మనిద్దరి పేర్లు కలిపి చేసిన చిన్న లింకు. ఎవరైనా చూసి అచ్చుగుద్దినట్టు టైపు చేసుకోవచ్చు. తెర మొత్తం స్క్రీన్‌షాట్ తీసినప్పుడు అదీ పడింది.

మార్చిలో నువ్వే ఫోన్ చేసి చెప్పావు, రవి ఫోన్లో ఫోల్డరు తెరుచుకోవడం లేదని, లింకు ఉన్నవాళ్లెవరికైనా తెరుచుకునేలా పెట్టేశానని. తర్వాత ఇద్దరం మర్చిపోయాం. ఏప్రిల్ 27న గుడ్లవల్లేరు కాలేజీలో చదివే ఒకమ్మాయి కామెంటు పెట్టింది: "మేడమ్, మీ బొమ్మ మూలలో ఏదో లింకు కనిపిస్తోంది, ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి, చూసుకోండి" అని. పది నిమిషాల్లో బొమ్మ మార్చాను, కామెంటు తీశాను, ఫోల్డరుకి తాళం వేశాను. అందుకే నువ్వు చూసేటప్పటికి రెండు పేర్లే ఉన్నాయి. కంగారులో బాణం రంగు కూడా చూసుకోలేదు. పంతొమ్మిది రోజులు అది తెరిచి ఉంది. ఆ రోజుల్లో ఎవరు లోపలికి వచ్చారో తెలుసుకుందామని చాలా వెతికాను. దొరకలేదు.

నిన్ను కాపాడదామని దాచానని రాయబోయాను. అది సగమే నిజం. నువ్వు పంపిన ప్రతి బొమ్మలో పేర్లు, నంబర్లు, లింకులు కప్పెయ్యడం నా పని. అది నేను చూడకుండా వదిలేశాను. చెబితే నాలుగేళ్లలో నా మీదున్న నమ్మకం పోతుందని భయం. ఎవరికీ ఏమీ కాలేదులే అనుకుని ఊరుకున్నాను. జూన్‌లో నీ ఉత్తరం చదివినప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. సుబ్బారావు పని పోవడంలో నా వాటా అది.

ఇది మావయ్యగారికి నేను చూపించలేదు. చూపించాలో వద్దో నీ ఇష్టం.

షీబా

&nbsp;

మచిలీపట్నం
ఆగస్టు 19

షీబా,

ఆ కాగితం వంటింట్లో విప్పి చూశాను. ఆ పసుపు చీటీలో నా అక్షరాలు. రెండు నెలలుగా తప్పు నీలోనే వెతికాను, నీ ముద్రలు చూశాను, నీ తేదీలు లెక్కపెట్టాను. నా తెర నేను చూసుకోలేదు.

వెంటనే చెప్పేశానని నువ్వు అనుకుంటావేమో. చెప్పలేదు. నాలుగు రోజులు ఆ ప్రింటు బియ్యం డబ్బా వెనక పెట్టి తిరిగాను. చింపేద్దామని కూడా అనుకున్నాను. ఇది నీకు తెలియాలి.

అయిదో రోజు పొద్దున్నే పెడన వెళ్లాను. మావయ్యగారు షెడ్డులో బల్ల మీద గుడ్డ పరుస్తున్నారు. సుబ్బారావు చోట ఆయనే అద్దకం వేస్తున్నారు, ఈ వయసులో. ప్రింటు బల్ల మీద పెట్టి, మూలలో వేలు పెట్టి చూపించి, మొదటి నుంచి చెప్పాను. లింకు అంటే ఏమిటో చెప్పాను. తెరిచి పెట్టింది నేనేనని చెప్పాను. షీబా అమ్మలేదని చెప్పాను.

ఆయన గుడ్డ ముడతలు సవరిస్తూనే విన్నారు. "తెలుసమ్మా" అన్నారు.

"ఆవిడ చెప్పిందా?"

"లేదు. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. చెప్పకపోయేసరికే అర్థమైంది. పరాయివాళ్ల తప్పయితే చెప్పేసేది కదా."

"మరి నన్ను అడగలేదేంటి మావయ్యా?"

"నువ్వే చెప్తావేమోనని చూస్తున్నాను."

నాగాయలంక నుంచి వచ్చినప్పటి నుంచీ ఆయన రోజూ నా చేతి కాఫీ తాగుతున్నారు షీబా. రోజూ కప్పు అందుకుని ఒక్క క్షణం నా ముఖంలోకి చూసేవారు. ఆ చూపేమిటో నాకప్పుడు తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం సుబ్బారావు ఇంటికి వెళ్లాం. వేరే షెడ్డులో చేరాడట, భోజనానికి ఇంటికి వచ్చి ఉన్నాడు. మావయ్యగారు గుమ్మంలోనే నిలబడి, "తప్పయిపోయిందిరా సుబ్బారావూ, నువ్వు కాదు" అన్నారు. నేను చేసింది కూడా చెప్పాను. వాళ్లావిడ పెద్దింట్లమ్మ లోపలి నుంచే, "ఇరవై రెండేళ్లు చూసిన మనిషిని ఒక్క రోజులో ఎలా అనుకున్నారండీ?" అంది. 

సుబ్బారావు చెయ్యి కడుక్కుని వచ్చాడు. "వస్తానండి. దసరా దాకా అక్కడ ఒప్పుకున్న పనుంది, అయ్యాక వస్తాను" అన్నాడు. మావయ్యగారి ముఖం తేటపడింది. అప్పుడు అతను నెమ్మదిగా, "ఆ చిలకతీగ మాత్రం నా చేతికివ్వకండి. మిగతా అచ్చులు ఏవైనా వేస్తాను" అన్నాడు. ఆయన సరేనన్నారు. 

నీ పేరు ఫోల్డరులో మళ్లీ పెట్టాను. పాస్‌వర్డు మార్చలేదు. ఈ ఉత్తరంతో పాటు ఒక కొత్త పాఠం పంపుతున్నాను: స్క్రీన్‌షాట్ తీసే ముందు, పెట్టే ముందు చూసుకోవాల్సినవి. మన బొమ్మనే ఉదాహరణగా పెట్టాను, లింకు కప్పేసి. దిద్ది పెట్టు. పెట్టాలని లేకపోతే అదీ నాకు అర్థమవుతుంది.

నిన్ను "గారు" అని రాశాను. ఆ ఒక్క ఉత్తరం చింపెయ్యవా?

మనం మళ్లీ మునుపటిలా ఉండగలమా?

జ్యోతి

&nbsp;

నాగాయలంక
సెప్టెంబరు 3

జ్యోతీ,

పాఠం అందింది. బాగుంది. మెట్లు చిన్నవిగా ఉన్నాయి, మావయ్యగారి వయసు వాళ్లకి కూడా అర్థమవుతుంది. బాణాలు పెట్టాను. అక్షర దోషాలు ఆరు దిద్దాను.

ఒక వాక్యం మార్చాను. మొదట్లో "ఈ సైటులో ఒక పొరపాటు జరిగింది, దానివల్ల ఒక కుటుంబం డిజైను బయటికి పోయింది, ఒకరి పని పోయింది" అని రాశావు. 'జరిగింది' అనేది తీసేసి, "మేమిద్దరం ఒక పొరపాటు చేశాం" అని పెట్టాను. కింద మనిద్దరి పేర్లూ రాశాను. నిన్న ఉదయం సైట్లోకి ఎక్కించాను. సాయంత్రానికి గుడ్లవల్లేరు అమ్మాయి కామెంటు పెట్టింది. ఈసారి తియ్యలేదు, జవాబు రాశాను.

నీ ఉత్తరం చింపను. నేను దాచిన బొమ్మ నీ దగ్గర ఉంది కదా, ఇది నా దగ్గర ఉండనీ.

మునుపటిలా ఉండగలమా అని అడిగావు. తెలియదు. నీ ఉత్తరం విప్పగానే ఇందులో ఏం రాయకుండా దాచావా అని వెతుకుతున్నాను. నువ్వు కూడా నాది అలాగే చదువుతుంటావు. ఇంకో పది ఉత్తరాలు రాసుకున్నా ఆ అలవాటు పోయేలా లేదు.

వచ్చే ఆదివారం ప్రభాకర్ మేత లోడుతో ఏలూరు వెళ్తారు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. పొద్దున్నే అవనిగడ్డ బస్సు ఎక్కి, అక్కడ నాగాయలంక బస్సు మారు. దిగాక ఎవరినీ అడగక్కర్లేదు, నేను స్టాండులో నిలబడి ఉంటాను. ఫోన్ ఇంట్లో పెట్టేసి రా.

షీబా